కాల్వ టీంకు పట్టిన గుర్వయ్య

జ్వరం తగ్గి, జొన్న గట్క కడుపులో నిలిచిన మొదటి పొద్దున, గుర్వయ్య ఇంటికి కాల్వ టీం కెప్టెన్ శివకృష్ణ వచ్చాడు. చేతిలో అరడజను ఆపిల్ పండ్లున్నాయి. యాభై ఆరేళ్లుగా ఆ జట్టు ఆట చూస్తున్న మనిషికి జట్టు తరఫున ఎవరూ ఒక గోలీసోడా ఇప్పించిన చరిత్ర లేదు. కాబట్టి ఆపిల్ పండ్లు చూడగానే బక్కమ్మకు అనుమానం వచ్చింది. ఆమె భర్త గుర్వయ్యకు ఆనందం వచ్చింది. వాళ్ల నలభై ఏళ్ల కాపురం ఇలాగే గడిచింది.

"పానం మంచిగున్నదా తాతా?" అన్నాడు శివకృష్ణ, కుర్చీ అంచున కూర్చుని.

"మంచిగనే ఉన్నది. పదిహేనో తారీఖు ఫైనల్‌కు వస్త తియ్యి. ఫికర్ చెయ్యకు."

శివకృష్ణ ఫికరంతా అదే. ఆపిల్ పండ్ల సంచీని ఒళ్లోంచి తీసి మంచం మీద పెట్టాడు. మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. చివరికి గోడ మీది క్యాలెండర్‌తో మాట్లాడుతున్నట్టు చెప్పాడు.

"గదే తాతా. ఈపాలి ఫైనల్‌కు నువ్వు రాకు."

"జ్వరం తగ్గింది కదరా."

"జ్వరం గురించి కాదు. సెమీస్‌ల గెలిచినం గద. మూడు రెండు. బస్టాండోళ్ల మీద. ఆడి గెలిచినం తాతా, ఉత్తగ కాదు."

"విన్న. మంచం మీద పండుకొని దండం పెట్టిన."

"గా మ్యాచ్‌కు నువ్వు రాలే."

ఇంతకంటే వివరంగా చెప్పడం అతనికి చేతకాలేదు. అవసరమూ లేకపోయింది. వంటింట్లో బక్కమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడు వీధి దాకా వినిపించింది.

నందికొండలో ఫుట్‌బాల్ ఎందుకుందో తెలియాలంటే డ్యాం కట్టిన కాలానికి వెళ్లాలి. నాలుగు దిక్కుల నుంచి పనివాళ్లూ ఇంజనీర్లూ వచ్చారు. తమ వెంట వంటలు, భాషలు, ఆటలు తెచ్చారు. డ్యాం పూర్తయ్యాక మనుషులు పోయారు, వంటలూ పోయాయి. ఫుట్‌బాల్ మాత్రం క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు ఎవరో మరిచిపోయిన సామానులాగా మిగిలింది. జిల్లా అంతా పొలం గట్ల మధ్య క్రికెట్ ఆడుతుంటే ఈ కాలనీల్లో ఇంకా కాళ్లతో ఆడేవాళ్లు కొందరున్నారు. ఏటా పంద్రాగస్టుకు టోర్నమెంట్ జరుగుతుంది. నాలుగు జట్లు. నీటిపారుదల వాళ్ల పిల్లలది కాల్వ టీం, కరెంటు వాళ్ల పిల్లలది పవర్‌హౌస్ టీం, ఎవరికీ చెందని వాళ్లది బస్టాండు టీం. నాలుగోది చేపలు పట్టేవాళ్లది. అది వలకు చేపలు బాగా పడిన ఏడాది రాదు. పడని ఏడాది వస్తే ఆకలితో ఆడి ఓడిపోతుంది.

గుర్వయ్య ఇందులోకి గొర్రెల వెంట వచ్చాడు. 1968 ఎండాకాలం. తొమ్మిదేళ్ల వయసు. చుట్టుపక్కల గుట్టలన్నీ మాడిపోయి ఉంటే, కాలనీ గ్రౌండు ఒక్కటే ప్రాజెక్టు నీళ్లు తాగి పచ్చగా ఉండేది. వాళ్ల బాపు మందను అటు తోలమన్నాడు. తోలేసరికి మ్యాచ్ జరుగుతోంది. నలభై గొర్రెలు నేరుగా సెంటర్‌లోకి వెళ్లి మేత మొదలుపెట్టాయి. రిఫరీగా ఉన్న ఇంజనీరు విజిల్ ఊదాడు. ఆ చప్పుడుకు బెదిరిన గొర్రెలు కాల్వ టీం గోల్ వైపు పరుగెత్తాయి. ఇదే అదను అనుకున్న పవర్‌హౌస్ ఫార్వర్డ్ ఒకడు బంతి తన్నాడు. అది ఒక పొట్టేలు డొక్కకు తగిలి, దిశ మార్చుకుని, గోల్‌లోకి వెళ్లింది. రిఫరీ కాసేపు ఆలోచించి గోల్ ఇచ్చాడు. నిబంధనల్లో గొర్రెల ప్రస్తావన లేదన్నాడట.

కాల్వ టీం రెండు సున్నతో ఓడింది. గుర్వయ్య బాపు చేతిలో దెబ్బలు తిన్నాడు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు, ఈసారి గొర్రెలు లేకుండా. తన మంద వల్ల ఓడిన జట్టు కాబట్టి, అది గెలిచేదాకా చూసి పోదామనుకున్నాడు. ఆ పిల్లవాడికి ఎవరైనా కొంచెం ముందు చూపు నేర్పి ఉంటే పవర్‌హౌస్ టీంను ఎంచుకునేవాడు.

ఇరవై రెండేళ్లకు కాల్వ మీద లస్కర్ పని దొరికింది. తూము గేటు ఎత్తడం, దించడం, చక్రానికి గ్రీజు పెట్టడం, గేజీ చూసి నీటిమట్టం రాయడం. ఆ పని అతని బుర్రను ఒక పద్ధతిలో పెట్టింది. మ్యాచులను అందరిలాగా తారీఖులతో కాక డ్యాంలో ఉన్న నీటితో గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాడు. "ఐదు వందల డెబ్బై ఆరు అడుగుల నాడు మూడు సున్న ఓడినం. అడుగంటిన ఏడు ఐదు ఒకటి. గేట్లన్ని ఎత్తిన నాడు నాలుగు సున్న." డ్యాం నిండినా ఎండినా స్కోరులో ఓటమి స్థిరంగా ఉండేది. దానికి గేజీ అవసరం లేకపోయింది.

కరువు ఏడాది గ్రౌండులో దుమ్ము లేచి బంతి కనబడక, ఇద్దరు కాల్వ టీం ఆటగాళ్లు ఒకరినొకరు తన్నుకోవడం అతను చూశాడు. మిర్యాలగూడ ఆఖరి బస్సు తప్పిపోతుందని గోల్‌కీపర్ ఆట మధ్యలో వెళ్లిపోవడం చూశాడు. తెలంగాణ ఉద్యమంలో రోడ్డు మీద వంటావార్పు నాడు, పొయ్యిల మీద అన్నం ఉడుకుతుండగా కాల్వోళ్లూ పవర్‌హౌసోళ్లూ తారు రోడ్డు మీద సరదాగా ఆడిన ఆటలోనూ కాల్వ టీం ఓడిపోవడం చూశాడు. ఉద్యమం నీళ్లు, నిధులు, నియామకాలు అడిగింది. గోల్స్ అడగాలని ఎవరికీ తోచలేదు. కాబట్టి రాష్ట్రం వచ్చి పదేళ్లయినా, కరోనా రెండేళ్లు తీసేస్తే ఎనిమిది టోర్నమెంట్లు జరిగినా, కాల్వ టీంకు ఒక్క కప్పు రాలేదు. ఆ ఎనిమిదింటికీ గుర్వయ్య మూల జెండా పక్కన నిలబడి ఉన్నాడు. గ్రౌండులో అతనికున్న జాగా అదొక్కటే. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడ్డు చెప్పలేదు. ఇప్పుడు అడ్డు చెప్పారు.

ఆ సాయంత్రమే గుర్వయ్య బస్టాండు దగ్గరి మల్లీశ్వరి హోటల్‌కు వెళ్లాడు. జ్వరం వదిలిన కాళ్లు వణుకుతున్నా, అవమానం నడిపించింది. జట్టంతా అక్కడే చాయ్ తాగుతోంది. గోల్‌కీపర్ నరసింహ అప్పటికే ఫోనులో ఒక పట్టిక తయారు చేసి జట్టు గ్రూపులో పెట్టేశాడు. అతను డిగ్రీలో కామర్స్ చదివాడు. ఆ చదువు అప్పటిదాకా దేనికీ ఉపయోగపడలేదు.

"చూడు తాతా. మేం దుష్మన్‌లం కాదు. లెక్క చెప్తాంది," అన్నాడు నరసింహ. "ఎనిమిది టోర్నమెంట్లు. ఐదు ఫైనల్లు ఓడినం. మూడు సెమీస్ ఓడినం. అన్నిటికి నువ్వున్నవ్."

"ఐదు ఫైనల్లకు పోయినమంటే ఐదు సెమీస్ గెలిచినట్టే కదరా. గప్పుడు గూడ నేనున్న."

"గవన్ని చేపలోళ్లు రాక గెలిచినయి. అవతలోడు రాకపోతే నీ పవర్ యాడ పనిచేస్తది?"

కుర్రాళ్లు నవ్వారు. వాళ్లలో ఎవరో "పనౌతి" అని మెల్లగా అన్నారు. అడుగు పెట్టిన చోటల్లా చెడు జరిగే మనిషికి ఏడాదిగా అందరి నోళ్లలో నానుతున్న హిందీ మాట అది. ఎవరి వల్ల ఓడామో వెతికే పని ఉన్నవాళ్లకు బాగా పనికొస్తోంది.

"మరి నువ్వు గోల్‌ల నిలవడ్డవు గద నర్సిమ్మా, నీ లెక్క యాడ రాసినవ్?" అంది మల్లీశ్వరి పాలు కాస్తూ. "ఐదు ఫైనల్లల్ల నీ కాళ్ల సందుల నుంచి ఎన్ని వొయినయో గది గూడ పెట్టు గ్రూపుల."

ఆ ప్రశ్న పట్టికలో లేదు కాబట్టి నరసింహ వినలేదు. "ఒక్కటి చెప్పు తాతా. ఒకే ఒక్క మ్యాచ్. నువ్వు నిలవడి చూస్తుండంగ కాల్వ టీం ఆడి గెలిచింది చెప్పు. పట్టిక చించేస్త." ఫోనును ఎలా చించుతాడో చెప్పలేదు.

గుర్వయ్య ఇలాంటి ప్రశ్న కోసమే పుట్టినట్టు నిటారుగా కూర్చున్నాడు. "ఎనభై ఎనిమిది ఫైనల్."

చాయ్ గ్లాసులు బెంచీల మీదికి దిగాయి. కాల్వ టీం చరిత్రలో ఉన్న ఏకైక కప్పు అది. ఆ గోల్‌ను గుర్వయ్య నోటి వెంట వినని పిల్లవాడు కాలనీలో లేడు. ఆఖరి నిమిషం, కార్నర్, వాన. కేరళ నుంచి వచ్చిన వెల్డర్ జోసెఫ్ మూడడుగులు గాల్లోకి లేచి, నుదుటితో బంతిని కొడితే అది తడిసిన వలలో చప్పుడు చేస్తూ ఆగడం. ప్రతి మ్యాచ్‌కు ముందు శివకృష్ణ జట్టును గుండ్రంగా నిలబెట్టి చెప్పేది ఆ గోల్ గురించే. చెప్పాక వెళ్లి ఓడిపోయేవాళ్లు. అది వేరే సంగతి.

"నువ్వు చూసినవనేటందుకు సాక్ష్యం?" అన్నాడు నరసింహ, కానీ గొంతులో పట్టు తగ్గింది.

"నేనున్న సాక్ష్యం," అని మూల బెంచీ నుంచి ఒక గొంతు వినిపించింది.

అది అంజయ్యది. అతనూ రిటైరైన లస్కరే. కాల్వ జీతం తీసుకుంటూ జీవితమంతా పవర్‌హౌస్ టీంకు చప్పట్లు కొట్టిన మనిషి. అత్తగారి ఇల్లు పవర్‌హౌస్ క్వార్టర్లలో ఉండేది, అక్కడ భోజనం బాగుండేది. గుర్వయ్యతో యాభై ఏళ్లుగా కొట్లాడుతూ స్నేహం చేస్తున్నాడు. అతను గుర్వయ్య తరఫున నోరు తెరవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"నా పక్కనే నిలవడ్డడు," అన్నాడు అంజయ్య. "గోల్ పడంగనే నా బుజం మీద గట్టిగ గుద్దిండు. వారం రోజులు నొప్పి. మైసమ్మ తల్లి మీద ఒట్టు. గుర్వయ్యను ఆపకుండ్రి. పాపం తగుల్తది."

శత్రువు సాక్ష్యానికి మించిన సాక్ష్యం ఏముంటుంది? శివకృష్ణ లేచి గుర్వయ్య చేయి పట్టుకున్నాడు. నరసింహ పట్టికను తీసేశాడు. మల్లీశ్వరి అందరికీ ఇంకో చాయ్ పోసింది. గుర్వయ్య ఇంటికి వెళ్తున్నప్పుడు కాళ్లు వణకలేదు.

బక్కమ్మ అన్నం పెడుతూ అంతా విన్నది. పప్పు వేసింది. తొక్కు వేసింది. తర్వాత అడిగింది.

"ఎనభై ఎనిమిదిల, ఫైనల్ నాడు, తూము కాడికి నీకు సద్ది ఎవలు తెచ్చిండ్రు?"

గుర్వయ్య ముద్ద నోటి దగ్గర ఆపాడు.

"నేను తెచ్చిన. నాగరాణిని సంకలేసుకొని, వాన్ల. గా పొద్దు నువ్వు గేటు చక్రం పట్టుకొని కూసున్నవు. మ్యాచ్ యాడ చూసినవయా?"

ఇంట్లో ఈ విషయం గత ముప్పై ఆరేళ్లలో ఎవరూ ఎత్తలేదు. జరిగింది ఇదీ. ఆ రోజు తూము దగ్గర డ్యూటీ అంజయ్యది. గుర్వయ్య సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని, కాల్వ కట్ట మీదుగా గ్రౌండుకు వెళ్తున్నాడు. తూము దగ్గర మనిషి లేడు. అంజయ్య డ్యూటీ వదిలి పవర్‌హౌస్ టీం ఫైనల్ చూడ్డానికి వెళ్లిపోయాడు. పైన వాన పడుతోంది, కాల్వలో నీళ్లు గేజీ మీద చూస్తుండగానే ఎక్కుతున్నాయి. గేటు దించే మనిషి లేకపోతే కింది పొలాలు మునుగుతాయి. గుర్వయ్య కాసేపు గ్రౌండు వైపు, కాసేపు నీళ్ల వైపు చూశాడు. చొక్కా విప్పి చక్రం పట్టుకున్నాడు. కాల్వ టీం చరిత్రలో గెలిచిన ఒక్క ఫైనల్ సరిగ్గా అప్పుడే జరిగింది.

మరుసటి పొద్దున అంజయ్య వచ్చి గోల్ ఎలా పడిందో చెప్పాడు. డ్యూటీ వదిలినందుకు అతను చెల్లించిన పరిహారం అదొక్కటే. అంజయ్య చెప్పినదాంట్లో జోసెఫ్ ఎగరలేదు. బంతిని చూడకుండా వేరేవాడితో తగాదా పడుతుంటే, అది అతని తల వెనక భాగానికి తగిలి లోపలికి పోయింది. గుర్వయ్య మొదటి వారం ఆ మాటే చెప్పాడు. రెండో వారానికి జోసెఫ్ బంతి వైపు తిరిగాడు. ఏడాది తిరిగేసరికి గాల్లోకి లేచాడు. పదేళ్లకు గుర్వయ్య తాను చూశానని నిజంగానే నమ్మాడు. అంజయ్యకు నిజం తెలుసు. కానీ చెబితే తన ఉద్యోగం పోయేది, ఆ తర్వాత పెన్షన్ భయం, ఆ తర్వాత అలవాటు.

"అయితేంది?" అన్నాడు గుర్వయ్య. "అంజిగాడు ఒట్టు పెట్టిండు గద. దోస్తుగాడు. నా ఇజ్జత్ కాపాడిండు."

"నీ ఇజ్జతా?" బక్కమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "జర దిమాక్ పెట్టు. ఫైనల్ ఎవలతోని?"

"పవర్‌హౌస్‌తోని."

"అంజయ్య ఎవలోడు?"

గుర్వయ్య ముద్ద మింగాడు. పళ్లెం పక్కకు జరిపాడు.

"నువ్వు పోతే కాల్వోళ్లు ఓడుతరని ఊర్ల అందరికన్న గట్టిగ నమ్మినోడు గాడే," అంది బక్కమ్మ. "అందుకే దేవుని మీద ఒట్టేసి నిన్ను గ్రౌండ్లకు తోలుతాండు. నీ కోసం కాదు, ఆని కప్పు కోసం."

గుర్వయ్యకు అపశకునాల మీద నమ్మకం లేదు. పిల్లి ఎదురొచ్చినా ఆగడు. శుక్రవారం గోళ్లు తీసుకుంటాడు. అందుకని ఈ విషయం కూడా కొట్టిపారేయాలనుకున్నాడు. తాను చూస్తే బంతి ఎటు పోవాలో అటు పోకుండా ఎలా ఉంటుంది? ఇరవై రెండు మంది ఆడుతుంటే మూలన నిలబడ్డవాడిదా తప్పు? ఇదంతా మూఢనమ్మకం. దాని మీద ఎక్కడ కావాలంటే అక్కడ ఉపన్యాసం ఇవ్వగలడు. కాకపోతే కాల్వ టీం ఫైనల్ మీద దాన్ని పరీక్షించి చూసే ధైర్యం అతనికి లేదు.

పొద్దున్నే గ్రౌండుకు వెళ్లాడు. శివకృష్ణ ఒక్కడే ఉన్నాడు. డబ్బా పట్టుకుని సున్నంతో గీతలు వేస్తున్నాడు. గీత వంకరగా వచ్చింది. గుర్వయ్య దాని పక్కనే నడిచాడు.

"శివకృష్ణా, గా ఎనభై ఎనిమిది మ్యాచ్ నేను చూడలే బిడ్డా."

శివకృష్ణ ఆగాడు. డబ్బాలోంచి సున్నం ఒకే చోట పడి కుప్ప అయింది.

గుర్వయ్య అంతా చెప్పాడు. తూము, వాన, అంజయ్య, జోసెఫ్ తల వెనక భాగం. చెప్పడం పూర్తయ్యాక శివకృష్ణ ముఖంలో అతను ఊహించిన కోపం లేదు. అంతకంటే ఘోరమైనదేదో ఉంది.

"ఎగరలేదా?"

"ఎగరలే."

"మూడడుగులు?"

"అడుగు గూడ లే. ఎవనితోనో లొల్లి పెట్టుకుంటాండట."

శివకృష్ణ సున్నం కుప్ప మీద చతికిలబడ్డాడు. ఏడేళ్ల వయసు నుంచి కళ్లు మూసుకుంటే కనబడే ఒక్క గోల్ అది. దాన్ని చూసే ఫుట్‌బాల్‌లోకి వచ్చాడు. అంటే, వినే. కాసేపటికి లేచి, ప్యాంటు దులుపుకుని, చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"తాతా, ఇది పోరగాళ్లకు చెప్పకు. ఫైనల్ ముంగట ఇది తెలిస్తే అందరు ఇంటికి పోతరు. నువ్వు చూసినవ్, జోసెఫ్ ఎగిరిండు, అంతే."

"మరి నేను రావాల్నా, వద్దా?"

"వద్దు," అన్నాడు శివకృష్ణ వెంటనే. ఆ తర్వాత తన జవాబుకు తానే సిగ్గుపడి, "ఒక్కపాలి తాతా. ఒక్కపాలి చూద్దం," అన్నాడు.

అలా గుర్వయ్య పదిహేనో తారీఖు పొద్దున బక్కమ్మను తీసుకుని మేళ్లచెరువు బస్సెక్కాడు. కూతురు నాగరాణి అక్కడే ఉంటుంది. అల్లుడు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. గేట్లెత్తిన వారం కావడంతో హైదరాబాదు నుంచి నీళ్లు చూడ్డానికి కార్లు బారులు తీరి నందికొండలోకి వస్తున్నాయి. ఊళ్లోంచి బయటికి పోతున్న బస్సు ఒక్కటే. దాంట్లో గుర్వయ్య ముఖం కిటికీకి ఆనించి, కనబడనంత దూరం దాకా గ్రౌండు వైపు చూశాడు.

మధ్యాహ్నం అల్లుడు మటన్ తెచ్చాడు. మామతో ఒక ఫొటో దిగి, ఫోనులో స్టేటస్ పెట్టుకున్నాడు. నాలుగున్నరకు గుర్వయ్య బటన్ల ఫోను మోగింది.

"యాడున్నవ్ రా?" అంజయ్య గొంతులో కంగారు. "మూల జెండ కాడ లేవు. ఆట షురువైంది."

"మేళ్లచెరువుల ఉన్న."

"ఆడేం పని రా నీకు? ఫైనల్ రా ఇయ్యాల! నీ కోసం నేను మైసమ్మ మీద ఒట్టు పెట్టుకున్న!"

"నా కోసం పెట్టుకున్నవా అంజిగా?"

అవతల విజిళ్లు, అరుపులు ఎక్కువయ్యాయి.

"జర ఆటో పట్టుకొని రారాదురా," అన్నాడు అంజయ్య బతిమాలుతూ. "సెకండాఫన్న అందుకుంటవు."

మేళ్లచెరువు నుంచి నందికొండకు ఆటోలో సెకండాఫ్ అందుకోవాలంటే ఆ ఆటోకు రెక్కలుండాలి. గుర్వయ్య ఫోను పెట్టేశాడు. ఆ గంటన్నర ఎలా గడిచిందో నాగరాణి తర్వాత అందరికీ చెప్పింది. నాయన పెరట్లో బియ్యం బస్తా చుట్టూ తిరిగాడట. గోడకున్న గడియారం కిందికి దించి చెవి దగ్గర పెట్టుకున్నాడట. ఒకసారి కార్నర్ అని అరిచాడట.

ఆరు దాటాక మళ్లీ ఫోను.

"మూడు సున్న," అన్నాడు అంజయ్య.

"ఎవలు?"

"మేమే." గెలిచినవాడి గొంతులా లేదు. మోసపోయినవాడి గొంతులా ఉంది. "నువ్వు లేకున్న గెలిచినం రా గుర్వయ్యా."

"అంటే మీరు మంచిగ ఆడిండ్రు."

"గట్లనే అనిపిస్తాంది," అన్నాడు అంజయ్య అనుమానంగా.

గుర్వయ్య పెరట్లోనే నిలబడ్డాడు. కాల్వ టీం ఓడింది. బాధ కలిగింది. యాభై ఆరేళ్ల అలవాటు కాబట్టి అది తన జాగా వెతుక్కుని వచ్చి కూర్చుంది. కానీ దాని వెనకే ఇంకొకటి వచ్చింది. ఛాతీ మీద నుంచి ఎవరో లేచినట్టు తేలిక. ఓడారు. తాను లేకుండా ఓడారు. తొంభై కిలోమీటర్ల దూరంలో, సాక్షుల మధ్య తాను బియ్యం బస్తా చుట్టూ తిరుగుతుండగా, సొంతంగా, ఎవరి సాయమూ లేకుండా ఓడారు.

"ఏమైంది బాపూ, గెలిచిండ్రా?" అంది నాగరాణి లోపలి నుంచి.

"ఓడిండ్రు బిడ్డా. జర ఇంకో నాలుగు ముక్కలెయ్యి."

మరుసటి సాయంత్రం అతనూ బక్కమ్మా ఊరికి తిరిగి వచ్చేసరికి కాల్వ టీం ఆటగాళ్లు ఐదారుగురు ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఈసారి ఆపిల్ పండ్లు లేవు. అందరి ముఖాలూ పీక్కుపోయి ఉన్నాయి. ఓటమి వాళ్లకు కొత్త కాదు. కారణం లేని ఓటమి కొత్త. పొద్దుట నుంచి ఒకరి మీద ఒకరు నెట్టుకుని అలసిపోయారు. డిఫెన్స్ వాళ్లు నరసింహతో మాట్లాడడం మానేశారు. ఇద్దరు జట్టు వదిలేసి క్రికెట్‌కు పోతామంటున్నారు.

"తాతా, నిజం చెప్పు," అన్నాడు నరసింహ, ఆశ నిండిన కళ్లతో. "యాడన్న దాక్కొని చూసినవా?"

"మేళ్లచెరువుల ఉన్న. మా అల్లుడు స్టేటస్ పెట్టిండు, చూడలేదా?"

"చూసిన," అన్నాడు నరసింహ దిగులుగా. "ఫోన్ల చూసినవేమో. ఎవడో లైవ్ పెట్టిండు."

"నా ఫోన్ల బటన్లున్నయి, బొమ్మలు లేవు."

"మీ అల్లుని ఫోన్ల?"

"ఆయన సీరియల్ చూస్తాండు."

కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తలుపులన్నీ మూసుకుపోయాయి. పదకొండు మంది తామే సరిగా ఆడలేదన్న నిజం అరుగు మీదికి ఎక్కి వాళ్ల మధ్య కూర్చోబోతోంది. అప్పుడు నరసింహ ఆఖరి ప్రయత్నం చేశాడు.

"పోనీ తాతా, మనసుల... మేం గెలవాలని అనుకున్నవా?"

"అనుకోనా మరి? గంటన్నర సేపు గదే అనుకున్న. కూసుంటలే, నిలుస్తలే."

"అగో!" నరసింహ ఎగిరి నిలబడ్డాడు. జోసెఫ్ కూడా ఎప్పుడూ అంత ఎత్తు లేవలేదు. "గదే! గదే అయింది! నేను చెప్పలేదా? ఈయన గెలవాలనుకుంటే ఓడుతం. యాడున్నా ఒకటే!"

అరుగు మీదికి ప్రాణం తిరిగి వచ్చింది. డిఫెన్స్ వాళ్లు నరసింహ భుజం తట్టారు. క్రికెట్‌కు పోతామన్నవాళ్లు చెప్పులు విప్పి మళ్లీ కూర్చున్నారు. ఇంట్లోంచి బక్కమ్మ చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. గుర్వయ్య చేయి అడ్డం పెట్టి ఆమెను ఆపాడు. అతని ముఖంలో కోపం లేదు. ముప్పై ఆరేళ్లు గేజీలు చదివిన మనిషి ఒక లెక్క తేల్చుకుంటున్నట్టు కళ్లు చిన్నవి చేశాడు.

"అంటే నేను మేళ్లచెరువుల ఉన్నా పనిచేస్తదంటవ్."

"అమెరికాల ఉన్నా పనిచేస్తది తాతా!"

"మీరు గెలవాలని అనుకునుడు బంద్ పెట్టుడు నాతోని కాదు. అది నా చేతుల లేదు. చిన్నప్పటి సంది ఉన్నది."

"ఎర్కే తాతా. నీ తప్పు కాదు," అన్నాడు నరసింహ ఉదారంగా.

"మరి దూరం ఉంటే ఫాయిదా ఏమున్నది? దగ్గరున్నా గంతే, దూరమున్నా గంతే. బస్సు కిరాయి దండుగ." గుర్వయ్య కెప్టెన్ వైపు తిరిగాడు. "శివకృష్ణా, వచ్చే మ్యాచ్ ఎప్పుడు?"

శివకృష్ణ ఇద్దరి ముఖాలూ చూశాడు. నరసింహ నోరు తెరిచి, ఏదో లెక్క వేసి, మూసుకున్నాడు. తన సిద్ధాంతంలో ఎక్కడ తప్పుందో అతనికి దొరకలేదు. కామర్స్‌లో అలాంటివి చెప్పరు.

"ఆదివారం తాతా. చేపలోళ్లతోని, ఫ్రెండ్లీ."

"వస్త."

ఎవరూ కాదనలేదు. కాదనడానికి దారి లేదు. బక్కమ్మ చీపురు కింద పెట్టి, "ఇండ్లల్లకు పొండ్రి ఇగ, దీపం పెట్టే యాళ్లయింది," అంది. అందరూ వచ్చినప్పటికంటే హుషారుగా వెళ్లిపోయారు.

ఆదివారం గేట్లు దించారు, డ్యాంలో ఐదు వందల ఎనభై ఎనిమిది అడుగుల నీళ్లు. చేపలవాళ్లకు ఆ వారం వలలో ఏమీ పడలేదు కాబట్టి వచ్చారు. కాల్వ టీం రెండు ఒకటితో ఓడింది. ఆట అయ్యాక నరసింహ మూల జెండా దగ్గరికి వచ్చి, గుర్వయ్యను చూసి, తల కొట్టుకున్నాడు. గుర్వయ్య అతనికి నీళ్ల సీసా అందించి, రెండో గోల్‌కు ఎడమ దిక్కు ఎందుకు దూకినవురా, బంతి కుడి దిక్కు వస్తాంటే, అని అడిగాడు.

"నీ మొకం అడ్డమొచ్చింది తాతా," అన్నాడు నరసింహ.

"సరే తాగు," అన్నాడు గుర్వయ్య.